కాలిఫోర్నియా చట్టసభలో పెద్ద కుర్చీలు ఎవరు నింపుతారు? దాన్ని మీరు ఫాలో అవ్వడం ఎలా

ఎన్నికల ముందు పోస్టులో కాలిఫోర్నియా ఓటరు గైడ్ వస్తుంది కదా, చాలామంది తెరవకుండానే రీసైక్లింగ్ డబ్బాలో పడేసే లావుపాటి పుస్తకం, అందులో ఏ ప్రాపొజిషన్ (ఓటర్లే నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదన) దగ్గర చూసినా "లెజిస్లేటివ్ ఎనలిస్ట్ విశ్లేషణ" అని కనిపిస్తుంది. ఇది పాసైతే ఖజానాకు ఎంత ఖర్చు, ఎంత ఆదా, భారం ఎవరి మీద పడుతుంది అన్నది తేలిక మాటల్లో చెప్పే పేజీలవి. ప్రాపొజిషన్ కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ అందులోంచే తమకు పనికొచ్చే వాక్యం ఏరుకుని ప్రచారం చేసుకుంటారు. మరి ఈ ఎనలిస్ట్ ఎవరు? మనం ఓటేసి గెలిపించిన మనిషి కాదు, గవర్నర్ వేసిన మనిషీ కాదు, సివిల్ సర్వీస్ పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగి అసలే కాదు. చట్టసభ సభ్యుల కమిటీ ఒకటి కూర్చుని ఎంచుకుంటుంది.

ఇలాంటి కుర్చీలు రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో ఇంకొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి ఖాళీ అయితే ఏం జరుగుతుంది, ఎక్కడ చూడాలి, ఎప్పుడు నోరు విప్పితే లాభం, ఆ ఉద్యోగం మీద మీకే కన్నుంటే ఎలా కదలాలి అన్నది వరసగా రాస్తున్నాను. ఫోల్సమ్, రోజ్‌విల్ వైపు ఉంటూ రాష్ట్ర ప్రభుత్వ ఐటీ ప్రాజెక్టుల్లో పనిచేసే తెలుగువాళ్లు బోలెడంత మంది. కాపిటల్, అంటే చట్టసభ భవనం, పక్కనే లంచ్ చేస్తారు, లోపల ఏం జరుగుతుందో మాత్రం పట్టించుకోరు.

ఇండియా నుంచి చదివేవాళ్లకు ఒక్క మాట. ఇక్కడి గవర్నర్ అంటే రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ అనుకోకండి, దాదాపు మన సీఎం లాంటి పదవి, నేరుగా ఓట్లతో గెలుస్తారు. చట్టసభ ఆయన చేతికింద ఉండదు. అందుకే చట్టసభకు సొంతంగా లెక్కలు వేసేవాళ్లు, చట్టాలు రాసిపెట్టేవాళ్లు, ఆడిట్ చేసేవాళ్లు కావాల్సి వచ్చింది.

మొదట ఏ కుర్చీయో తేల్చుకోండి

"చట్టసభ సీనియర్ స్టాఫ్" అని ఒక్క ముద్దగా అనుకుంటే తికమక పడతారు. ఒక్కో కుర్చీకి ఒక్కో దారి ఉంది.

లెజిస్లేటివ్ ఎనలిస్ట్‌ను పెట్టేది జాయింట్ లెజిస్లేటివ్ బడ్జెట్ కమిటీ. ఇది చట్టసభలోని రెండు సభల ఉమ్మడి కమిటీ, సెనేట్ నుంచి 8 మంది, అసెంబ్లీ నుంచి 8 మంది. ఎంపిక చేసేదీ, జీతం ఖరారు చేసేదీ, పని చెప్పేదీ వీళ్లే. మొత్తం సభలో ఓటింగ్ ఉండదు, గవర్నర్ సంతకం ఉండదు.

లెజిస్లేటివ్ కౌన్సెల్ అంటే బిల్లుల ముసాయిదాలు రాసి, సభ్యులకు న్యాయ సలహా ఇచ్చే ఆఫీసు పెద్ద. ఈ ఆఫీసు 1913 నుంచి ఉంది. ప్రతి రెగ్యులర్ సెషన్ మొదట్లో ఉభయ సభలూ ఉమ్మడి తీర్మానం చేసి ఈ మనిషిని ఎంచుకోవాలి, పార్టీతో సంబంధం లేకుండా అర్హత చూసి ఎంచుకోవాలి అని చట్టంలోనే రాసి ఉంది. అంటే రెండేళ్లకోసారి కొత్తగా తీర్మానం. వినడానికి టెన్షన్ పెట్టే ఉద్యోగంలా ఉంది గానీ, డయాన్ బోయర్-వైన్ 2002 నుంచి 2020 దాకా అదే కుర్చీలో ఉన్నారు.

స్టేట్ ఆడిటర్ దారి వేరు. జాయింట్ లెజిస్లేటివ్ ఆడిట్ కమిటీ, 14 మంది, మెజారిటీ ఓటుతో ముగ్గురి పేర్ల జాబితా పంపుతుంది. అందులోంచి ఒకరిని గవర్నర్ నాలుగేళ్లకు నియమిస్తారు. పేర్లు ఒకరివి, సంతకం ఇంకొకరిది.

ఇక సభను నడిపేవాళ్లు. అసెంబ్లీలో చీఫ్ క్లర్క్‌నూ, సెనేట్‌లో సెక్రటరీనీ ఆయా సభలే ఎన్నుకుంటాయి. ఆఫీసులు, జీతాలు, గదులు, ఫర్నిచర్ లాంటి పాలనా వ్యవహారమంతా రూల్స్ కమిటీల పెత్తనం. అసెంబ్లీ చీఫ్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్‌ను అసెంబ్లీ రూల్స్ కమిటీ నియమిస్తుంది. సెనేట్ రూల్స్ కమిటీలో ఉండేది ఐదుగురే, దానికి అధ్యక్షత వహించేది సెనేట్ ప్రెసిడెంట్ ప్రో టెమ్, అంటే సెనేట్‌లో చక్రం తిప్పే మనిషే. రూల్స్ కమిటీ అన్న పేరు చూసి ఇదేదో నిబంధనల పుస్తకం రాసుకునే కమిటీ అనుకోకండి. ఎవరికి ఏ గది, ఎవరికి ఎంతమంది స్టాఫ్ అన్నది కూడా అక్కడే తేలుతుంది, కాబట్టి దానితో ఎవరూ పెట్టుకోరు.

రూలు మీరే చదవండి, పేపర్లో వచ్చింది సరిపోదు

రాష్ట్ర చట్టాలన్నీ లెజిస్లేటివ్ ఇన్ఫర్మేషన్ సైట్లో ఉచితంగా ఉంటాయి. గవర్నమెంట్ కోడ్ తెరిచి పదవి పేరుతో వెతకండి. అక్కడ పూర్తిగా దొరక్కపోతే జాయింట్ రూల్స్ చూడండి, ఉభయ సభలూ కలిసి పెట్టుకున్న నిబంధనలవి. బడ్జెట్ కమిటీ, ఎనలిస్ట్ సంగతి జాయింట్ రూల్స్‌లో 37వ నంబర్ దగ్గర ఉంది.

ఇది రూల్స్‌లో ఎందుకుంది అని మీకు అనిపించాలి. దాని వెనక 1941 నాటి కథ ఉంది. అప్పటిదాకా బడ్జెట్ లెక్కలన్నీ గవర్నర్ కిందుండే ఫైనాన్స్ శాఖవాళ్లు చెప్పిందే వేదం, చట్టసభకు సొంత లెక్కల మనిషి లేడు. ఒకరిని పెట్టుకుందామని బిల్లు చేస్తే గవర్నర్ కల్బర్ట్ ఓల్సన్ అడ్డం కొట్టారు. బిల్లయితే గవర్నర్ సంతకం కావాలి, సభ తన కోసం తాను పెట్టుకునే రూలుకు అక్కర్లేదు. ఆ దారిలోనే వెళ్లి కమిటీని పెట్టుకున్నారు, ఆ కమిటీ తన మనిషిని పెట్టుకుంది. ఇవాళ్టికీ ఆ నియామకంలో గవర్నర్‌కు చోటు లేకపోవడానికి మూలం అదే.

రూలు చదివేటప్పుడు అందరూ "ఎవరు నియమిస్తారు" అన్న వాక్యం దగ్గర ఆగిపోతారు. మీరు ఇంకా కిందికి వెళ్లాలి. పదవీకాలం ఎంత? ఎవరు తీసేయగలరు, కారణం చూపాలా అక్కర్లేదా? జీతం ఎవరి చేతిలో ఉంది? ఆఫీసు బడ్జెట్ ఎక్కడి నుంచి వస్తుంది? నా లెక్కలో మొదటి ప్రశ్న కంటే ఈ చివరి మూడూ ముఖ్యం. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టేది ఒక్కరోజు పని, కూర్చున్నాక ఆ మనిషి నిజం చెప్పగలడా లేదా అన్నది ఈ మూడింటి మీదే ఆధారపడుతుంది.

బడ్జెట్ సంగతి ఎందుకంటున్నానంటే, 1990లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రాపొజిషన్ 140 పాస్ చేశారు. అది సభ్యుల పదవీకాలానికి పరిమితి పెట్టిన ప్రాపొజిషన్‌గానే అందరికీ గుర్తు. అందులోనే చట్టసభ సొంత ఖర్చు మీద కూడా గట్టి కత్తెర ఉంది. జనానికి కోపం రాజకీయ నాయకుల మీద, దెబ్బ పడింది లెక్కలు వేసే ఆఫీసుల మీద, ఎందుకంటే వాటి ఖర్చు కూడా చట్టసభ ఖాతాలోనే. ఎనలిస్ట్ ఆఫీసు స్టాఫ్ సగానికి పైగా తగ్గిపోయింది. అప్పట్లో ఆడిట్ చేసే ఆడిటర్ జనరల్ ఆఫీసు 1992 చివర్లో ఏకంగా మూతపడింది. ఈ రెండు ఆఫీసులనూ ఆ పరిమితి నుంచి బయటికి తెద్దామని 1992 నవంబర్‌లో రెండు ప్రాపొజిషన్లు, 158, 159, ఓటర్ల ముందుకొచ్చాయి, రెండూ ఓడిపోయాయి. చివరికి 1993లో ఆడిట్ పనికి చట్టసభ ఖాతాలో పడని కొత్త సంస్థను చట్టం చేసి పెట్టారు. ఇప్పుడు చూస్తున్న స్టేట్ ఆడిటర్ పద్ధతి, ముగ్గురి జాబితా, గవర్నర్ నియామకం, అక్కడి నుంచే మొదలు. అంటే ఎవర్నీ ఉద్యోగంలోంచి తీసేయకుండానే ఆఫీసును ఎండగట్టొచ్చు, అందుకే రూలు చదివేటప్పుడు డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుందో చూడమంటున్నాను.

కమిటీలో మీవాళ్లు ఎవరో చూడండి

కమిటీ వెబ్ పేజీలో సభ్యుల జాబితా ఉంటుంది. మీ అడ్రస్ కొడితే మీ సెనేటర్, మీ అసెంబ్లీ సభ్యుడు లేదా సభ్యురాలు ఎవరో తెలుస్తుంది. ఇద్దరిలో ఒక్కరు ఆ కమిటీలో ఉన్నా మీ పని చాలా తేలికవుతుంది. లేకపోయినా ఫర్వాలేదు, కమిటీ ఛైర్‌కు రాయొచ్చు.

రాసేముందు కమిటీ స్టాఫ్ ఎవరో కూడా చూసుకోండి. ఇక్కడ వాళ్లను కన్సల్టెంట్లు అంటారు, బయటి నుంచి తెచ్చుకున్న కాంట్రాక్ట్ మనుషులు కాదు, కమిటీ ఉద్యోగులే. ఎజెండా తయారు చేసేది, కాగితాలు సభ్యుల ముందు పెట్టేది వీళ్లు. సభ్యుడికి పంపిన ఈమెయిల్‌కు ఆటోమేటిక్ థ్యాంక్స్ వస్తుంది, కన్సల్టెంట్‌కు ఫోన్ చేసి మర్యాదగా అడిగితే "వచ్చే నెల ఎజెండాలో పెట్టే ఆలోచన ఉంది" లాంటి పనికొచ్చే మాట దొరికే అవకాశం ఎక్కువ.

ఖాళీ వచ్చే వాసన పట్టండి

ఈ కుర్చీలు తరచూ ఖాళీ కావు. ఎనలిస్ట్ పదవి మొదలైన 1941 నుంచి 2019 దాకా చూస్తే అందులో కూర్చున్నది మొత్తం ఆరుగురే: రోలాండ్ వాండెగ్రిఫ్ట్, 1949 నుంచి 1977 దాకా అలన్ పోస్ట్, తర్వాత విలియం హామ్, 1986 నుంచి 2008 దాకా ఎలిజబెత్ హిల్, ఆమె తర్వాత 2018 దాకా మాక్ టేలర్, 2019లో గేబ్రియల్ పెటెక్. పోస్ట్ గారు 28 ఏళ్లు అదే కుర్చీలో కూర్చుని ఎంతమంది గవర్నర్ల బడ్జెట్లకు కోత సూచించారో ఊహించుకోండి. హిల్, టేలర్ ఆ ఆఫీసులోనే ఎదిగి పైకి వచ్చినవాళ్లు. పెటెక్ బయటి నుంచి వచ్చారు, అంతకుముందు ఎస్ అండ్ పీ రేటింగ్ సంస్థలో కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల అప్పులకు రేటింగ్ ఇచ్చే పని చేసేవారు. లోపలివాళ్లకే ఇస్తారన్న రూలు లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఖాళీ అవ్వబోతోందని మొదట చెప్పేది రిటైర్మెంట్ ప్రకటన. పాతవారు వెళ్లిపోయి కొత్తవారు ఇంకా రాకపోతే డెప్యూటీ "యాక్టింగ్" అనే మాట తగిలించుకుని నడిపిస్తుంటారు. మీరు గమనించాల్సింది ఆ మాట ఎన్నాళ్లు అలా వేలాడుతోందన్నది. 2000లో స్టేట్ ఆడిటర్ అయిన ఎలైన్ హౌల్ 2021 చివర్లో దిగిపోయారు. గ్రాంట్ పార్క్స్‌ను గవర్నర్ నియమించేసరికి 2022 దాదాపు చివరికొచ్చింది. మధ్యలో ఏడాదికి దగ్గరగా యాక్టింగ్ ఆడిటరే నెట్టుకొచ్చారు. యాక్టింగ్‌లో ఉన్నవాళ్లు అసమర్థులని అనడం లేదు. రేపు ఆ కుర్చీ తనకే కావాలనుకునే మనిషి, దాన్ని ఇచ్చే పెద్దల మీద కఠినమైన రిపోర్టు రాయాలంటే ఎంత గుండె ధైర్యం కావాలో మీరే ఆలోచించండి. అందుకే ఖాళీ మరీ సాగితే "ఎందుకు ఆలస్యం?" అని కమిటీని అడగడం తప్పేమీ కాదు, నిజానికి పౌరులు అడగగలిగే అత్యంత సులువైన ప్రశ్న అదే.

ఉద్యోగ ప్రకటన వచ్చిన రోజే అసలు సమయం

అందరూ కమిటీ ఓటింగ్ రోజు హడావుడి చేస్తారు. ఆ రోజుకు వంట అయిపోయి వడ్డన మాత్రమే మిగిలి ఉంటుంది. ఎలాంటి మనిషి కావాలన్నది ఉద్యోగ ప్రకటనలో రాస్తారు కదా, కావాల్సిన అనుభవం, డిగ్రీ, గడువు తేదీ, సగం ఎంపిక అక్కడే జరిగిపోతుంది. గడువు మరీ తక్కువ ఇచ్చారా? ఒకే ఒక్క మనిషికి సరిగ్గా సరిపోయేలా అర్హతలు అల్లారా? ప్రకటన ఎక్కడెక్కడ వేశారు? చెప్పదలచుకున్నది ఉంటే ఈ దశలోనే ఛైర్‌కు ఒక పేజీ ఉత్తరం రాయండి. పేరు, ఊరు, మీ నియోజకవర్గం, ఒకే ఒక్క అభ్యర్థన. మూడు పేజీలు రాస్తే ఎవరూ చదవరు.

మీరే అప్లై చేయాలనుకుంటే ఒకటి రెండు సంగతులు.

ఎనలిస్ట్, కౌన్సెల్, ఆడిటర్, ఈ మూడూ పార్టీలకు అతీతంగా ఉండాల్సిన కుర్చీలు. వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చున్నా ఒకటే అని మన సామెత, ఈ కుర్చీల్లో మాత్రం వడ్డించేవాడు ఎవరివాడూ కాకూడదు. అధికార పార్టీ సభ్యులు మీ పేరు మెచ్చుకోవడం ఒక్కటే చాలదు, అవతలి పార్టీవాళ్లు మీ పేరు విని మొహం చిట్లించకపోవడం కూడా కావాలి. కాబట్టి మీ పేరు మీద ఏ రాజకీయ చందాలున్నాయో ముందే మీరే చూసుకోండి. రాష్ట్ర ఎన్నికల్లో 100 డాలర్లు, ఆ పైన ఇచ్చిన చందాలు పేరుతో సహా బయట పెడతారు, ఫెడరల్ ఎన్నికల్లో 200 డాలర్లు దాటితే అంతే. మన సంఘం డిన్నర్లో పక్కవాళ్లు పట్టుబట్టారని ఏ అభ్యర్థికో రాసిచ్చిన 250 డాలర్ల చెక్కు కూడా అక్కడ కనిపిస్తుంది. దానివల్ల ఉద్యోగం పోదు, కానీ ఇంటర్వ్యూలో అడిగితే నీళ్లు నమలకూడదు. వాట్సాప్ సంగతి సరే, ఫేస్‌బుక్‌లో పదేళ్ల కిందట రాసిన ఆవేశం పోస్టులూ ఒకసారి తిరగేసుకోండి.

రెండోది, భద్రత. రాష్ట్ర రాజ్యాంగం 7వ ఆర్టికల్ ప్రకారం చట్టసభ నియమించిన ఉద్యోగులు సివిల్ సర్వీస్‌లోకి రారు. ఎనలిస్ట్ కుర్చీ అయితే కమిటీకి నచ్చినంత కాలమే ఉద్యోగం అనుకుని దిగాలి. చట్టసభ స్టాఫ్‌కు యూనియన్ పెట్టుకునే హక్కు ఇస్తూ 2023లో చట్టం వచ్చింది, 2026 జూలై నుంచి అమలని అందులో ఉంది, కానీ ఆఫీసును నడిపించే పెద్దలకు అది వర్తించే విషయం కాదు. పర్మనెంట్ ఉద్యోగం అని ఇంట్లో చెప్పి ఒప్పించే రకం కాదిది.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారో నేను చెప్పలేను గానీ, ఒక ప్రశ్నకు మాత్రం ఎవరైనా సిద్ధంగా ఉండాల్సిందే. "మా పార్టీ నాయకుడి ముద్దుల పథకం దండగని మీ లెక్కలో తేలితే ఏం చేస్తారు?" జవాబు మీ పాత పనిలోంచి చెప్పగలగాలి, బాస్‌కు నచ్చని నంబర్ చూపించి నిలబడ్డ సందర్భం ఒకటి.

తలుపులు మూసిన గదీ, తెరిచిన గదీ

ఇక్కడే చాలామంది కోప్పడతారు. అభ్యర్థుల గురించి మాట్లాడేటప్పుడు కమిటీ గది తలుపులు మూసేస్తుంది. ఇది చాటుమాటు వ్యవహారం కాదు, రాష్ట్ర రాజ్యాంగం 4వ ఆర్టికల్ 7వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. మీటింగులు బహిరంగంగా జరగాలన్నది నియమం, మినహాయింపులు కొన్నే. వాటిలో ఒకటి ఉద్యోగి నియామకం, పనితీరు సమీక్ష, తొలగింపు. న్యాయమే కదా, అప్లై చేసి ఎంపిక కాని మనిషి పేరు ఊరంతా తెలిస్తే ఇప్పుడున్న ఉద్యోగానికి ముప్పు. కానీ అదే సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది. మూసిన సమావేశం పెడుతున్నామనీ, ఎందుకు పెడుతున్నామో కూడా, జనానికి తగినంత ముందుగా తెలియజేయాలి.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. డైలీ ఫైల్ అని రెండు సభలకూ రోజువారీ కార్యక్రమ పత్రం వస్తుంది, ఆన్‌లైన్లో దొరుకుతుంది, కమిటీ మీటింగులు అందులో ఉంటాయి. కమిటీ పేరు వెతికి ఎజెండా తెరవండి. "క్లోజ్డ్ సెషన్" అన్న లైను పక్కన కారణం రాశారా లేదా చూడండి. ఉత్తినే క్లోజ్డ్ సెషన్ అని వదిలేస్తే కమిటీ ఆఫీసుకు ఫోన్ చేసి ఏ కారణం కింద అని అడగండి. బహిరంగ భాగం ఎప్పుడు మొదలవుతుందో కూడా అప్పుడే అడగండి, లేకపోతే కారిడార్లో కుర్చీ వెతుక్కుంటూ గంటలు గడిచిపోతాయి.

హియరింగ్ గది పాత కాపిటల్లోనైనా ఉండొచ్చు, సభ్యుల ఆఫీసులు మారిన 1021 ఓ స్ట్రీట్ భవనంలోనైనా ఉండొచ్చు, ఎజెండాలో గది నంబర్‌తో పాటు భవనం పేరు చూసుకుని బయల్దేరండి. వెళ్లాక సెక్యూరిటీ దాటాలి, పార్కింగ్ వెతుక్కోవాలి, అరగంట ముందుండటం మంచిది. పబ్లిక్ కామెంట్ పిలిచినప్పుడు గోడవారగా లైన్ కడతారు. మైకు దగ్గర పేరు, ఊరు, ఒక్క విషయం, అంతే. మీ ముందు లాబీయిస్టులు "ఫలానా సంస్థ తరఫున, మద్దతు" అని మూడు సెకన్లలో చెప్పి వెళ్లిపోతుంటారు, వాళ్లను చూసి కంగారు పడి మీ మాట మింగేయకండి, అలాగని ఉపన్యాసమూ వద్దు. కాగితాలు ఇవ్వాలంటే సభ్యుల దగ్గరికి మీరే నడిచి వెళ్లకూడదు, అక్కడ నిలబడి ఉండే సార్జెంట్‌కు ఇస్తే పంచిపెడతారు.

వెళ్లలేకపోతే వీడియో ఉంది. 2016లో ఓటర్లు పాస్ చేసిన ప్రాపొజిషన్ 54 వల్ల బహిరంగ సమావేశాల వీడియోలు 24 గంటల్లో ఆన్‌లైన్లో పెట్టాలి, 20 ఏళ్లు ఉంచాలి. పిల్లల్ని కూచిపూడి క్లాసులో దింపి కార్లో కూర్చున్న గంటలో చూసేయొచ్చు. వీడియోలో చివరి భాగం వదలకండి. ఓటింగ్ రోల్ కాల్ అక్కడే, పేరు పిలుస్తారు, "ఐ" అంటే ఔను, "నో" అంటే కాదు. ఏమీ అనకుండా కూర్చున్నవాళ్లు ఎవరో కూడా రాసుకోండి, ఓటేయకపోవడం కూడా ఒక మాటే.

నియామకం అయ్యాక కాగితాలు అడగండి

ఇక్కడ అందరూ తప్పు దారి పడతారు. కాలిఫోర్నియాలో మామూలు ప్రభుత్వ ఆఫీసులకు పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్ ఉంది, మన సమాచార హక్కు చట్టం లాంటిది, కానీ అది చట్టసభకు వర్తించదు. చట్టసభకు వేరే చట్టం, లెజిస్లేటివ్ ఓపెన్ రికార్డ్స్ యాక్ట్, 1975లో చేసింది. అభ్యర్థన మొదటి లైన్లోనే ఆ చట్టం పేరు రాయండి, తప్పు పేరు రాస్తే తిప్పి పంపడానికి వాళ్లకు సాకు దొరికినట్టే. అసెంబ్లీ కాగితాలకు అసెంబ్లీ రూల్స్ కమిటీకి, సెనేట్‌వి కావాలంటే సెనేట్ రూల్స్ కమిటీకి పంపాలి.

ఇలా అడగండి: "ఫలానా కమిటీ ఫలానా తేదీన పెట్టిన సమావేశం ఎజెండా, బహిరంగ భాగంలో జరిగిన ఓటింగ్ వివరాలు, ఈ పదవికి వేసిన ఉద్యోగ ప్రకటన కాపీ, ఎంపికకు బయటి సంస్థను పెట్టుకుని ఉంటే ఆ ఒప్పందం కాపీ, నియమితులైన వారికి ఖరారు చేసిన జీతం." ఎంపిక కానివాళ్ల దరఖాస్తులు, సభ్యుల వ్యక్తిగత ఉత్తరాలు, ముసాయిదాలు అడిగి టైమ్ వేస్ట్ చేసుకోకండి, వాటికి మినహాయింపు ఉంది. "నియామకానికి సంబంధించిన అన్ని పత్రాలూ" అని గంపగుత్తగా అడిగితే గంపగుత్తగానే కాదంటారు. స్టాఫ్ జీతాలు సభల వెబ్‌సైట్లలోనే ఉంటాయి, ముందు అక్కడ చూసుకోండి.

ఇంకోటి, ఫారం 700. పదవిలో చేరిన 30 రోజుల్లో ఆస్తులు, పెట్టుబడులు, బహుమతుల వివరాలతో నింపాల్సిన ఫారం. ఎవరైనా కాపీ అడగొచ్చు. మీరే నియమితులైతే కంగారు పడకండి, గుంటూరు దగ్గర నాన్నగారు రాసిచ్చిన రెండెకరాలు అందులో చూపక్కర్లేదు, స్థిరాస్తుల్లో రాష్ట్రం లోపల ఉన్నవే అడుగుతారు. కాలిఫోర్నియాలో అద్దెకిచ్చిన ఇల్లుంటే మాత్రం చూపాలి.

వేరే రాష్ట్రాల్లో ఉంటే

ఇదే పద్ధతి, పేర్లు మారతాయి. ఎడిసన్ వైపు ఉండే న్యూజెర్సీవాళ్లు లెజిస్లేటివ్ సర్వీసెస్ కమిషన్ అని వెతకండి, రెండు సభల నుంచి ఎనిమిదేసి మంది, మొత్తం 16. ఆఫీస్ ఆఫ్ లెజిస్లేటివ్ సర్వీసెస్ దాని కిందే ఉంటుంది. అక్కడ స్టేట్ ఆడిటర్‌ను మాత్రం ఉభయ సభలూ కలిసి ఐదేళ్లకు నియమిస్తాయి. డాలస్, ఆస్టిన్ వాళ్లకు లెజిస్లేటివ్ బడ్జెట్ బోర్డు, 1949 నాటిది, లెఫ్టినెంట్ గవర్నర్, స్పీకర్ ఇద్దరూ ఉమ్మడిగా అధ్యక్షత వహిస్తారు, డైరెక్టర్‌ను బోర్డే పెడుతుంది. ఆ ఇద్దరికీ పొసగని కాలంలో కుర్చీ నింపడం ఎంత సులువో మీరే ఊహించుకోండి.

మన దగ్గర అయితే కమిటీ ఓటింగ్ అనే తంతు పెద్దగా కనిపించదు. రాజ్యాంగం 187వ అధికరణ రాష్ట్ర శాసనసభలకు ప్రత్యేక సచివాలయ సిబ్బంది ఉండాలంటుంది, సభ చట్టం చేసుకునేదాకా స్పీకర్‌నో మండలి ఛైర్మన్‌నో సంప్రదించి గవర్నర్ రూల్స్ పెట్టొచ్చంటుంది. ఢిల్లీలో రాజ్యసభ సెక్రటరీ జనరల్‌ను నియమించేది ఛైర్మన్. 2021 సెప్టెంబర్‌లో, వెంకయ్యనాయుడు ఛైర్మన్‌గా ఉండగా, అదే సచివాలయంలో కింది నుంచి ఎదిగిన పి.పి.కె. రామాచార్యులు ఆ కుర్చీ ఎక్కారు, అలా లోపలి నుంచి వచ్చినవారిలో ఆయనే మొదటివారని పత్రికలు రాశాయి. నవంబర్ వచ్చేసరికి ఆయన స్థానంలో మాజీ ఐఆర్ఎస్ అధికారి పి.సి. మోదీ ఉన్నారు. అప్పట్లో ప్రతిపక్షాలు ప్రశ్నించాయి గానీ, రోల్ కాల్ అంటూ లేనిచోట ఎవరు ఔనన్నారు ఎవరు కాదన్నారు అని అడగడానికి ఏముంటుంది.

పిల్లల్ని ఈ దారిలో పంపాలనుకుంటే

డాక్టరో కోడరో కావాల్సిందేనని పట్టుబట్టకుండా ఉంటే, కాపిటల్ ఫెలోస్ ప్రోగ్రామ్ ఉంది, శాక్రమెంటో స్టేట్ యూనివర్సిటీ నడిపిస్తుంది. డిగ్రీ పూర్తయినవాళ్లు అప్లై చేయొచ్చు, అసెంబ్లీకి 18 మంది, సెనేట్‌కు 18 మంది, దాదాపు 11 నెలలు జీతంతో పని. కమిటీ కన్సల్టెంట్ పక్కన కూర్చుని ఒక్క బడ్జెట్ సీజన్, అంటే జనవరి 10 నాటి గవర్నర్ ప్రతిపాదన నుంచి జూన్ 15 గడువు దాకా చూస్తే, కాలేజీలో ఎక్కడా చెప్పని చదువు అబ్బుతుంది. ఎనలిస్ట్ ఆఫీసు కూడా పబ్లిక్ పాలసీ, ఎకనామిక్స్ చదివిన కుర్రాళ్లను అనలిస్టులుగా తీసుకుంటుంది, వాళ్ల సైట్లో ఉద్యోగాల పేజీని అప్పుడప్పుడూ చూస్తుండమనండి.

మీ క్యాలెండర్లో ఇప్పుడే ఒక తేదీ పెట్టుకోండి. సరి సంఖ్య సంవత్సరంలో డిసెంబర్ మొదటి సోమవారం మధ్యాహ్నం 12 గంటలకు కొత్త సెషన్ మొదలవుతుంది, ఈసారి అది 2026 డిసెంబర్ 7. సభ్యుల ప్రమాణాలు, ఫోటోలు, పూలగుత్తులు అయ్యాక ఆఫీసర్ల ఎన్నిక వస్తుంది, టీవీ వాళ్లు అప్పటికి వెళ్లిపోతారు. కౌన్సెల్ ఎంపిక తీర్మానం కూడా ఆ సెషన్ మొదట్లోనే వస్తుంది, లెజిస్లేటివ్ ఇన్ఫర్మేషన్ సైట్లో "లెజిస్లేటివ్ కౌన్సెల్" అని వెతికి దాని మీద అలర్ట్ పెట్టేసుకుంటే ఓటింగ్ రోజు ఈమెయిల్ అదే వస్తుంది.